పానా పట్టిన చేతులు

'మీవాళ్ళ చేతుల్లో ఏదో ఉన్నది సాయిబూ. బండి మీద చెయ్యేస్తే చాలు, రోగం తెలిసిపోతది.'

బుద్ధెరిగిన నాటి నుంచీ ఈ మాట వింటూనే ఉన్నాం. రైతులు అన్నారు, డ్రైవర్లు అన్నారు, కాలేజీ లెక్చరర్లు అన్నారు. అభ్యుదయం మాట్లాడే మిత్రులు సైతం అన్నారు. ప్రేమతోనే అన్నారు, కాదనం. కానీ ఆ ప్రేమలోనే ఒక కంచె ఉంది. చేతుల్లో ఉందంటే తలలో లేదనేగా? రక్తంలో ఉందంటే కష్టపడి నేర్చుకున్నది కాదనేగా? పుట్టుకతో పని పంచిపెట్టే పాత లెక్కలోకి మమ్మల్ని కూడా నెమ్మదిగా లాగడమే ఇది. పొగడ్త గదా అని ఇన్నాళ్ళూ నవ్వి ఊరుకున్నాం. ఇక ఊరుకోవడం మంచిది కాదనిపిస్తోంది.

మేం ముగ్గురన్నదమ్ములం. సూర్యాపేటలో, హైదరాబాదు - విజయవాడ రోడ్డు పక్కన మాకో షెడ్డు ఉంది. ఒకప్పుడు అది తొమ్మిదో నంబరు జాతీయ రహదారి, ఇప్పుడు 65. రోడ్డు నంబరు మారింది గానీ మా రేకుల కప్పు మారలేదు. ముగ్గురిలో ఇద్దరి చేతికి పానా వచ్చింది, ఒకరి చేతికి కలం. బి.ఏ. చదివి పత్రికలో చేరినా ఆదివారం వస్తే మళ్ళీ ఆ షెడ్డులోనే. ఉర్దూలో చదువుకున్నది, తెలుగులో రాసేది, రెండూ అక్కడి డీజిల్ మరకలు అంటినవే.

ఈ పని మాకు రక్తంలోంచి రాలేదు. చరిత్రలోంచి వచ్చింది. 1932లో నిజాం స్టేట్ రైల్వే రోడ్డు రవాణా విభాగం 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో మొదలైంది. తర్వాత కొన్నేళ్ళకు మా దాదా అక్కడ బండ్లు కడిగే పనికి కుదిరాడు. కడుగుతూ కడుగుతూ విప్పడం, విప్పుతూ విప్పుతూ బిగించడం నేర్చుకున్నాడు. 1948 సెప్టెంబర్‌లో పోలీసు చర్య జరిగింది. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. తురకోళ్ళంటే నవాబులనుకునే వాళ్ళకు ఒక్క మాట. మా ఇంట్లో రద్దు కావడానికి జాగీరేదీ లేదు. ఉన్నదల్లా ఒక పానాల సంచి. భూమి లేదు. దుకాణం పెట్టుకునే పెట్టుబడి లేదు. సర్కారు కొలువుల తలుపు సన్నబడిపోయింది. ఫీజు లేకుండా నేర్పేవాడు ఉస్తాద్ ఒక్కడే. అందుకే మా గల్లీ గల్లీకీ ఒక మెకానిక్ పుట్టాడు. 2006లో సచార్ కమిటీ రిపోర్టు వచ్చి, ముస్లింలు జీతాల కొలువుల్లో తక్కువ, సొంత చేతిపనుల్లో ఎక్కువ అని లెక్కలతో చెప్పింది. అంతకు చాలా ముందే మా గల్లీలో ఎవర్ని అడిగినా చెప్పేవాళ్ళు.

మా షెడ్డు భాష సంగతి కూడా చెప్పాలి. 'మీ మాతృభాష ఏది? తెలుగా, ఉర్దూయా?' అని మమ్మల్ని తరచూ అడుగుతారు, ఏదో ఒకదాని వైపు నిలబడమన్నట్టు. ఒక్కసారి బండి కింద పడుకుని వినండి. వెనక చక్రాల మీద బరువు మోసే పట్టీలను ఊరూరా డ్రైవర్లు కమాన్ కట్టలంటారు. కమాన్ అంటే విల్లు, ఫార్సీ మాట. పేచ్ ఫార్సీ. ఉస్తాద్, షాగిర్ద్ రెండూ ఫార్సీవే. హవా అరబ్బీ. చాబీ పోర్చుగీసు వాళ్ళతో వచ్చింది. నాజిల్, క్లచ్, గ్యాస్కెట్ ఇంగ్లీషు. వీటన్నిటినీ కలిపి కుట్టే దారం మాత్రం తెలుగు. 'కమాన్ ఇరిగింది, పేచ్ లూజయింది, హవా పోయింది' అని ఏ ఊరి డ్రైవరైనా అంటాడు. ఆ మాట అనేటప్పుడు తాను పరాయి భాష మాట్లాడుతున్నానని అతనికి తోచదు. మాకూ తోచదు.

ఇక చేతుల్లో ఉన్నదేమిటో చెబుతాం. ఇది దాచుకునే విద్య కాదు.

మా అబ్బా షాగిర్దులకు మొదటి రోజు చెప్పే పాఠం ఇది. 'పహెలే పూఛ్, ఫిర్ దేఖ్, ఫిర్ సున్. పానా ఆఖిర్ మే పకడ్.' ముందు అడుగు, తర్వాత చూడు, తర్వాత విను, పానా ఆఖర్న పట్టు. మా షెడ్డుకు ఎక్కువగా వచ్చేవి డీజిల్ పికప్‌లు. కూరగాయలు, వడ్లు, మేకలు, పెళ్ళి సామాను, అన్నీ వాటి మీదే. బండి ఒక్కరోజు ఆగిందంటే ఆ ఇంట్లో కిస్తీ ఆగినట్టే. అందుకే డ్రైవర్ కంగారుగా వస్తాడు, వస్తూనే రోగం పేరు కూడా తానే చెప్పేస్తాడు. 'పంపు పోయింది ఉస్తాద్.' అబ్బా అది వినిపించుకోడు. 'ఎప్పటిసంది? పొద్దుగాలనా, బండి వేడెక్కినంకనా? ఎక్కడ డీజిల్ కొట్టించినవ్? ఫిల్టర్ ఎప్పుడు మార్చినవ్? మొన్న ఎవరన్నా చెయ్యి పెట్టిన్రా?' ఈ అయిదు ప్రశ్నలకు జవాబు దొరికితే సగం పని అయిపోయినట్టే.

డీజిల్ ఇంజనులో మంట పుట్టించే నిప్పురవ్వ ఉండదు. గాలిని గట్టిగా నొక్కితే అది ఎర్రగా కాలిన పెనంలా వేడెక్కుతుంది. ఆ వేడిలోకి డీజిల్‌ను మంచు తుంపరలా చల్లితే దానంతటదే అంటుకుంటుంది. కాబట్టి కావలసినవి మూడే. సరిపడా గాలి, సరిపడా నొక్కుడు, సరైన క్షణంలో సన్నని తుంపర. బండి స్టార్ట్ కాలేదంటే ఈ మూడింటిలో ఏదో ఒకటి తప్పింది. ఏది తప్పిందో సైలెన్సర్ గొట్టమే చెబుతుంది. సెల్ఫ్ బలంగా తిరుగుతున్నా పొగ అసలే రాకపోతే డీజిల్ లోపలికి చేరడం లేదు. తెల్లపొగ వస్తూ అంటుకోకపోతే డీజిల్ చేరుతోంది గానీ మండటం లేదు. అప్పుడు హీటర్ ప్లగ్గులు చూడాలి, నొక్కుడు చూడాలి, టైమింగ్ చూడాలి.

డీజిల్ చేరకపోవడానికి ఎక్కువసార్లు కారణం లైన్లో గాలి పట్టడమే. ట్యాంకు ఎండేదాకా నడిపినా, ఫిల్టర్ మార్చినా గాలి దూరుతుంది. ఫిల్టర్ తలమీది పేచ్ వదులు చేసి, చేతిపంపు నొక్కుతూ పోవాలి. బుడగలు ఆగి శుభ్రమైన డీజిల్ ధారగా వచ్చినప్పుడు పేచ్ బిగించాలి. ఇంతే పని. కానీ మళ్ళీ మళ్ళీ గాలి పడుతుంటే? అక్కడే చాలామంది పంపు విప్పుతారు. ట్యాంకు నుంచి పంపు దాకా ఉన్న పైపు డీజిల్‌ను పీల్చే పైపు. అక్కడ చిన్న చిల్లు పడితే డీజిల్ బయటికి కారకపోవచ్చు, గాలి మాత్రం లోపలికి పోతుంది. తడి కనబడదు కాబట్టి లీకు లేదనుకుంటారు. ఆ పైపు స్థానంలో ఒక పారదర్శకమైన పైపు ముక్క పెట్టి చూస్తే బుడగలు కళ్ళకు కనిపిస్తాయి. ఒకసారి ఓ వడ్ల వ్యాపారి పికప్ మా దగ్గరికొచ్చింది. వేరేచోట పంపు మొత్తం మార్చాలని వేలల్లో లెక్క చెప్పారట. బుడగలు చూసి వెతికితే దొరికింది, అరిగిపోయిన ఒక రాగి వాషరు. దాని ఖరీదు ఒక చాయ్ ఖరీదు కూడా లేదు.

అందుకే మా రెండో సూత్రం, చవకైన కారణం ముందు. పంపు కంటే ముందు ఫిల్టర్ చూడు. ఫిల్టర్ అడుగున కాలువ పేచ్ ఉంటుంది. దాన్ని విప్పి ఒక గాజు గ్లాసులో పట్టు. డీజిల్ తేలిక, నీళ్ళు బరువు. నీళ్ళుంటే అడుగున వేరుగా కనిపిస్తాయి. సెల్ఫ్ మోటారు మార్చే ముందు బ్యాటరీ టెర్మినల్ మీది తెల్లపొడి గీకు. ఇంజనుకూ చాసీకీ మధ్య ఉండే ఎర్త్ పట్టీ చూడు. ఆ పట్టీ తుప్పు పడితే బ్యాటరీ మంచిదే, మోటారు మంచిదే, బండి మాత్రం కదలదు. ఇంజను నడుస్తుండగా బ్యాటరీ దగ్గర సుమారు 13.8 నుంచి 14.5 వోల్టుల మధ్య రావాలి. రాకపోతే బెల్టూ డైనమో చూడు, బ్యాటరీని తిట్టకు.

పొగ రంగు గురించి ప్రతి షాగిర్దుకూ నోటికొచ్చి ఉండాలి. నల్లపొగ అంటే గాలికి మించి డీజిల్ పడుతోంది. ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయిందో, టర్బో పైపు చిరిగిందో, నాజిల్ తుంపర చల్లక చుక్కలు కారుస్తోందో, లేదా బండి మీద మోయలేనంత బరువేశారో. నీలిపొగ అంటే ఇంజనాయిలు మండుతోంది. రింగులు, వాల్వు సీళ్ళు, టర్బో సీలు చూడాలి. చలి పొద్దున కాసేపు తెల్లపొగ వచ్చి పోతే భయం లేదు. ఇంజను వేడెక్కినా పోకుండా, తియ్యటి వాసనతో వస్తూ, రేడియేటర్లో కూలెంట్ తగ్గుతుంటే మాత్రం హెడ్ గ్యాస్కెట్ మీద అనుమానం పెట్టుకోవాలి. రేడియేటర్లో బుడగలు లేస్తున్నాయా, ఆయిలు మజ్జిగ రంగుకు తిరిగిందా చూడాలి. రెండూ లేకపోతే తొందరపడి హెడ్ దించకూడదు. మా దిక్కు కోతల కాలంలో బండి వేడెక్కిందంటే చాలాసార్లు రేడియేటర్ సందుల్లో వరిపొట్టు ఇరుక్కుని ఉంటుంది. ఇంజను చల్లారాక వెనక నుంచి నీళ్ళు కొడితే పోతుంది. కాగుతున్న రేడియేటర్ మూత మాత్రం ఎవరూ తీయొద్దు. ముఖాలు కాలినవాళ్ళను చూశాం.

పాత పంపు ఇంజనులో ఒక సిలిండర్ పనిచేయక బండి వణుకుతుంటే ఇంకో పద్ధతి ఉంది. నడుస్తున్న ఇంజనులో నాజిల్ పైపుల నట్లు ఒక్కొక్కటే కాస్త వదులు చేస్తూ పోవాలి. పనిచేసే సిలిండర్‌ది వదులు చేస్తే ఇంజను చప్పుడు మారుతుంది. ఏది వదులు చేసినా చప్పుడు మారలేదో అదే చచ్చిన సిలిండర్. కొత్త కామన్‌రైల్ ఇంజనులో ఈ పని చేయనే కూడదు. అందులో డీజిల్ వెయ్యి బార్‌లు దాటిన ఒత్తిడితో ఉంటుంది, చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. అక్కడ ప్రతి నాజిల్ వెనక్కి వదిలే డీజిల్‌ను చిన్న సీసాల్లో విడివిడిగా పట్టి కొలుస్తారు. ఏ సీసా మిగతావాటికంటే బాగా ఎక్కువ నిండిందో ఆ నాజిల్ అరిగినట్టు.

ఇప్పుడు చెప్పండి. ఇందులో రక్తం ఎక్కడుంది? మంత్రం ఎక్కడుంది? ఒక ప్రశ్న, ఒక పరీక్ష, ఒక నిర్ధారణ. ఏ కులం పిల్లాడికైనా, ఏ మతం పిల్లకైనా నేర్పవచ్చు. మా షెడ్డులో ఇప్పుడున్న షాగిర్దుల్లో ఇద్దరు హిందువుల పిల్లలు. దసరా రోజు పానాలకు బొట్లు పెట్టి, బండికి బంతిపూల దండ కట్టేది వాళ్ళే. అబ్బా పక్కన నిలబడి ఆ కొబ్బరినీళ్ళు వైర్ల మీద పడకుండా చూస్తాడు. పీర్ల పండుగకు ఆ డ్రైవర్లే ఊదు తెచ్చి ఇచ్చిపోతారు. దీనికి ఎవరూ మతసామరస్యం అని పేరు పెట్టలేదు. అది మా ఏడాది లెక్కలో ఒక భాగం, అంతే.

ఆ లెక్క ఇప్పుడు తప్పుతోంది. ఒకరోజు, ఇరవై ఏళ్ళుగా వచ్చే ఒక రైతు తన ఫోన్ తీసి అబ్బా ముందు పెట్టాడు. మీవాళ్ళ దగ్గర బండ్లు బాగు చేయించొద్దు, కావాలనే పాడుచేసి పంపుతారు అని ఎవరో రాసి పంపిన మెసేజి. 'చూసినవా కాకా, ఎట్ల రాస్తున్నరో' అని నవ్వాడు. అబ్బా కూడా నవ్వాడు. కానీ ఆ రైతు బామ్మర్ది బండి ఆ నెల నుంచి మా షెడ్డుకు రాలేదు. ఏ పరీక్షా లేదు, ఏ సీసా కొలతా లేదు. 2022లో కర్ణాటకలో గుడి జాతరల దగ్గర ముస్లింలు దుకాణాలు పెట్టుకోవద్దని బ్యానర్లు కట్టినప్పుడు, అది ఎక్కడో అనుకున్నవాళ్ళున్నారు. మేం అనుకోలేదు. పూటకు పూట సంపాదించుకునే వాడిని కొట్టాలంటే లాఠీ అక్కరలేదు, గిరాకీ ఆపితే చాలు.

2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలింది. నమాజుకు వచ్చినవాళ్ళు చనిపోయారు. ఆ తర్వాత పట్టుకుపోయింది మా పిల్లలనే. తర్వాత వాళ్ళు నిర్దోషులని కోర్టులు చెప్పాయి. మధ్యలో పోయిన వయసును ఎవరు తెచ్చిస్తారు? మా షెడ్డులో ఒక షాగిర్ద్ పొగ చూడకుండా, అడక్కుండా, నేరుగా ఇంజను విప్పితే ఆ సాయంత్రం అబ్బా అతనికి కూలి ఇవ్వడు. ఒక బండికున్న పాటి న్యాయం మనిషికి అడగడం ఎక్కువ అడిగినట్టా?

'మరి మీరెక్కడివాళ్ళు?' అని ఇంకా అడిగేవాళ్ళున్నారు. ఎర్త్ పట్టీ గురించి పైన చెప్పాం. బ్యాటరీ ఎంత మంచిదైనా అది చాసీకి అంటుకుని లేకపోతే దీపం వెలగదు. ఆ దాదా సమాధి ఈ ఊళ్ళోనే ఉంది. మా చాసీ ఇదే.

బయటివాళ్ళతోపాటు మాలో మేం మాట్లాడుకోవలసిన మాట ఒకటుంది. 2017 ఏప్రిల్ నుంచి దేశమంతా బి.ఎస్.-4 బండ్లు, 2020 ఏప్రిల్ నుంచి బి.ఎస్.-6 బండ్లు వచ్చాయి. సెన్సార్లు, కంప్యూటరు పెట్టె, మసిని పట్టి ఆపే ఫిల్టరు. స్కానర్ తగిలిస్తే ఒక కోడ్ వస్తుంది. కోడ్ రాగానే ఆ పేరున్న సామాను మార్చేస్తే పని అయిపోతుందనుకునే వాళ్ళు పెద్ద పెద్ద వర్క్‌షాపుల్లో కూడా ఉన్నారు. 'రైల్‌లో ఒత్తిడి తక్కువ' అని కోడ్ చెబుతుంది. ఎందుకు తక్కువో చెప్పదు. ఫిల్టర్ మూసుకుపోయి ఉండొచ్చు, నాజిల్ కారుతుండొచ్చు, పంపు అరిగి ఉండొచ్చు, సెన్సారే అబద్ధం చెబుతుండొచ్చు. అక్కడ మళ్ళీ అబ్బా పాఠమే. అడుగు, చూడు, విను. పద్ధతి పాతబడలేదు. కానీ ఆ కోడ్ ఇంగ్లీషులో ఉంటుంది. వైరింగ్ బొమ్మ చదవాలి. వోల్టు, ఓము, బారు తెలియాలి. ఏడో తరగతిలో బడి మాన్పించిన పిల్లాడు అవి ఎట్లా చదువుతాడు?

సచార్ కమిటీయే చెప్పింది. ఆరు నుంచి పద్నాలుగేళ్ళ ముస్లిం పిల్లల్లో నాలుగో వంతు మంది బడి ముఖం చూడలేదు, లేదా మధ్యలో మానేశారు. ఆ మానేసినవాళ్ళలో ఎందరో మా లాంటి షెడ్లలోనే తేలారు. 'చేతిపని నేర్చుకుంటున్నాడు, దారిన పడ్డాడు' అని మనమే సంతోషపడ్డాం. ఐ.టి.ఐ.లో మెకానిక్ డీజిల్ కోర్సు ఏడాదిది. అందులో చేరాలంటే పదో తరగతి పాసై ఉండాలి. పదేళ్ళు పని చేసిన మా షాగిర్దు ఆ గేటు దగ్గరే ఆగిపోతాడు. వేరే పిల్లాడు ఏడాదిలో సర్టిఫికెట్ తీసుకుని కంపెనీ వర్క్‌షాపులో యూనిఫారం వేసుకుంటాడు. ఆ పిల్లాడి మీద మాకు కోపం లేదు. మా పిల్లాడికి ఆ గేటు ఎందుకు మూసుకుందో, మూసినవాళ్ళలో మనమెంతో అడుగుతున్నాం. 2007లో నాలుగు శాతం రిజర్వేషన్ వచ్చింది. 2016లో తెలంగాణలో మైనారిటీ గురుకులాలు మొదలయ్యాయి. గేటు కొంచెం తెరుచుకుంది. ఆ సందులోంచి పోవాలన్నా చేతిలో పదో తరగతి మార్కుల కాగితం ఉండాలి.

అందుకని మా షెడ్డులో ఒక కట్టుబాటు పెట్టుకున్నాం. బడికి పోయే వయసు పిల్లాడిని పనిలో పెట్టుకోం. బడి వదిలాక సాయంత్రం వచ్చి నేర్చుకుంటానంటే నేర్పుతాం. తండ్రులు విసుక్కున్నారు. కొందరు పిల్లాడిని పక్క షెడ్డులో పెట్టారు. అయినా మార్చలేదు. గోడ మీద పానాల పక్కన ఒక నల్లబల్ల వేలాడుతోంది. 'సెన్సార్', 'ప్రెషర్', 'సర్క్యూట్' అనే మాటలు తెలుగులో, ఉర్దూలో, ఇంగ్లీషులో రాసి ఉంటాయి. పక్కింటి ఆడపిల్ల ఒకతె రోజూ ఆ బల్ల చదివి పోతోంది. ఆమెకూ పానా ఇస్తామని అబ్బా అన్నాడు. వాళ్ళమ్మ ఇంకా ఒప్పుకోలేదు.

మిత్రులారా, మా చేతుల్ని మెచ్చుకోవడం ఇక చాలు. మీ బండి మా షెడ్డులో ఆగినప్పుడు, మీ టైరు విప్పుతున్న పిల్లాడిని ఒక్క మాట అడిగి పోండి. 'ఏ తరగతి చదువుతున్నవ్ బేటా?' అని. అతను తల దించుకుంటే మమ్మల్ని నిలదీయండి. ఆ తర్వాత మీ ఊరి బడిలో ఉర్దూ టీచరు పోస్టు ఎన్నాళ్ళ నుంచి ఖాళీగా ఉందో కనుక్కుని, అక్కడ కూడా నిలదీయండి.